కొల్లేటి ఒడ్డున అత్తవారింట మూడు రోజులు



సేవకుని కుటుంబానికి సెలవులంటూ వేరే ఉండవని మీకు తెలిసిందే. పిల్లలకు బడి సెలవులు వచ్చే వేళకే మాకు క్రిస్మసు ఆరాధనలు, సంవత్సరాంతపు కూడికలు, నూతన సంవత్సర ప్రార్థనలు వస్తాయి. అవన్నీ ముగిసి, సంఘస్థులు ఎవరి పనుల్లో వారు పడ్డాక, సంక్రాంతి సెలవుల్లో మూడు నాలుగు రోజులు తీరిక దొరుకుతుంది. 2025 జనవరిలో ఆ తీరికను మా అత్తవారి ఊళ్లో గడిపాము. అత్తవారింటికి వెళ్లి రావడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వవచ్చు. మొవ్వ నుండి కొల్లేటి ఒడ్డుకు బస్సులు మారుతూ వెళ్లినా పూట పట్టదు. అయినా మనసారా ఆ గుమ్మం తొక్కడానికి మాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మొవ్వ అనగానే బయటి వారికి క్షేత్రయ్య పదాలు జ్ఞాపకం వస్తాయి. నాట్యానికి పేరుపొందిన కూచిపూడి కూడా మా మండలంలోనిదే. మాది కాలువల సీమ. కాలువకు నీళ్లు వదిలితే నారుమళ్లు, కట్టేస్తే మినుము, పెసర. ఈ ప్రాంతపు వారికి నీళ్లంటే ఒకటి కాలువ, రెండవది 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన. అన్నం పెట్టే నీళ్లు, ప్రాణం తీసే నీళ్లు. ఈ రెండూ కాక, ఇంటి చుట్టూ ఏడాది పొడవునా నిలిచి ఉండే నీళ్లు కూడా ఉంటాయని, ఆ నీళ్లతో కలిసి కాపురం చేసే మనుషులు ఉంటారని 2004లో మా వివాహం అయ్యాకే మాకు తెలిసింది.

ఉదయం ఆరాధన చేసుకుని బయలుదేరాము. కూచిపూడి మీదుగా పామర్రు, అక్కడి నుండి గుడివాడ, గుడివాడలో బస్సు మారి ముదినేపల్లి, ఆపైన కైకలూరు. పండుగ రోజులు గనుక బస్సు కిటకిటలాడింది. బస్సు నిండా కోడిపందేల మాటలే. ముదినేపల్లి దాటేసరికి దేశం మారిపోతుంది. వరిచేలు సన్నగిల్లి, రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులు, రొయ్యల చెరువులు మొదలవుతాయి. చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. ఎదురుగా వచ్చే లారీల వెనుక ఐసు నీళ్లు ధారగా కారుతుంటాయి. ఆ లారీలు కలకత్తా దాకా, అస్సాం దాకా వెళతాయని మా చిన్నవాడికి వాళ్లమ్మ గర్వంగా చెప్పింది. పుట్టింటి దారి కదా!

ఇంకొక విశేషం. మా పెళ్లినాటికి మాదీ అత్తవారిదీ ఒకటే కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. “ఇప్పుడు నేను వేరే జిల్లా ఆడపడుచును, కాస్త మర్యాద ఇవ్వండి” అని మా శ్రీమతి అప్పుడప్పుడు అంటూ ఉంటుంది.

కైకలూరు నుండి ఆటోలో లంక గ్రామానికి చేరాము. ఊరి పేరు రాయడం లేదు. తన పేరు గానీ ఊరి పేరు గానీ పత్రికలో పడడం మామగారికి ఇష్టం ఉండదు.

కొల్లేరు సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ నడుమ ఉన్న పల్లపు నేల ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు, చేల మురుగు కాలువలు దీనిలో పడతాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు ఎగదన్నుతుంది కూడా. వానాకాలంలో సరస్సు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. అందుకే ఇక్కడ పొలానికి గట్టు ఉన్నట్టు సరస్సుకు గట్టు ఉండదు. నేల ఎత్తును బట్టి, అంటే కాంటూరును బట్టి, ఇంతవరకు కొల్లేరు అని లెక్క కడతారు. ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరును రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల్లో చేర్చారు.

మనం సువార్తల్లో చదివే గలిలయ సముద్రం సుమారు 166 చదరపు కిలోమీటర్లు. అంటే మన కొల్లేటి అభయారణ్యం దానికి దాదాపు రెండింతలు! అయితే గలిలయ నలభై మీటర్ల పైచిలుకు లోతు గలది. కొల్లేరు చాలా చోట్ల మనిషి నిలువు లోతు కూడా ఉండదు. పేతురు వలలు వేసిన నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు. కానీ రాత్రంతా కష్టపడి ఏమీ దొరకక ఒడ్డున వలలు కడుక్కునే మనుషుల మొగాలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే అయి ఉంటాయి.

అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి పిల్లలను ఎత్తుకోబోయారు. పదో తరగతి చదివే మా పెద్దదాన్ని ఎత్తుకోవడం సాధ్యమా? అందరం నవ్వాము. మామగారు మాత్రం అరుగు మీద వల బాగుచేసుకుంటూ, లేచి నిలబడి, “రండి అల్లుడుగారూ, దారిలో ఇబ్బంది పడలేదు గదా” అని, కాళ్లకు నీళ్లిమ్మని చెప్పి మళ్లీ కూర్చున్నారు. మర్యాదకు లోటు లేదు. ఏనాడూ లేదు. ఆ మర్యాదే పద్దెనిమిదేళ్లుగా మాకు ముల్లులా గుచ్చుకుంటూ ఉంది.

దాచిపెట్టి లాభం లేదు గనుక జరిగింది చెబుతాము. 1970లలో ప్రభుత్వం కొల్లేటి మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించి ఇచ్చింది. తరువాతి ఏళ్లలో చేపల పెంపకంలో లాభం చూసి చెరువులు పెరిగిపోయాయి, పెట్టుబడిదారులు దిగారు, సరస్సు నీటికి దారి మూసుకుపోయింది. మామగారు కూడా మరి కొందరితో కలిసి అప్పు చేసి, ఐదో కాంటూరు లోపల ఒక చెరువులో వాటా తీసుకున్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు ప్రభుత్వం ఆ లోపలి చెరువుల గట్లు తెగగొట్టించింది. మామగారి వాటా ఉన్న చెరువు కూడా ఒక్క పూటలో సరస్సులో కలిసిపోయింది. చేప పోయింది, అప్పు మిగిలింది.

అప్పుడు ఆయన మా ఇంటికి వచ్చారు. మా శ్రీమతి నగలు కొన్నాళ్లు తాకట్టు పెట్టుకోనిస్తే వడ్డీ కట్టి, మా బావమరిది చదువు ఆగకుండా చూసుకుంటానని అడిగారు. మేము అప్పటికి కొత్తగా పరిచర్యలో అడుగుపెట్టిన వారము. బైబిలు పాఠశాల డిప్లొమా కాగితం ఇంకా మడత నలగలేదు. నగలు ఇవ్వలేదు. ఇవ్వకపోగా, ప్రసంగం చేశాము. దేవుని సృష్టిని పాడుచేసి సంపాదించాలనుకున్నారు, అందుకే ఇలా జరిగిందన్నాము. ఇసుక మీద ఇల్లు కట్టినవాని ఉపమానం కూడా చెప్పాము. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. మంచినీళ్లు తాగి, “వస్తానమ్మా” అని కూతురితో చెప్పి, ఎండలో బస్టాండుకు నడిచి వెళ్లిపోయారు. ఆయన కోసం వండిన అన్నం గిన్నెలో అలాగే ఉండిపోయింది.

ఆ ఏడాది బావమరిది కాలేజీ మానేసి ఐసు ఫ్యాక్టరీలో పనికి చేరాడు. ఆ తరువాత మేము పెళ్లిళ్లకు, మరణాలకు వెళ్లి వస్తూనే ఉన్నాము. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవారము. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా శ్రీమతి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడాన్ని మేము సమాధానం అనుకున్నాము.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన సంగతి మీకు జ్ఞాపకం ఉంటుంది. అనేక సంఘాల వలెనే మా సంఘం కూడా బియ్యం, బట్టలు పోగుచేసింది. మూటలు వ్యానులో ఎక్కిస్తుండగా, మా సంఘంలోని ఒక వృద్ధురాలు, విధవరాలు, “అయ్యగారూ, ఆ బుడమేటి నీళ్లు చివరకు కొల్లేట్లోకే గదా పోయేది? అమ్మగారి పుట్టింటికి ఏమైనా పంపారా?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. బెజవాడలో దిగిన నీరు ఎక్కడికి పోతుందో ఆమెకు తట్టింది, మాకు తట్టలేదు.

వెంటనే ఫోను చేశాము. “మేం బాగానే ఉన్నాం అల్లుడుగారూ, మీరు దిగులు పడకండి” అన్నారు మామగారు. మరునాడు బావమరిది చెప్పాడు. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్లు వచ్చి రాకపోకలు ఆగిపోయాయట. ఇంట్లో మోకాలి లోతు నీళ్లున్నాయి, నాన్న మంచం మీద కూర్చునే మీతో ఫోనులో మాట్లాడారు బావగారూ, అన్నాడు. ఆ రాత్రి మేము సరిగా నిద్రపోలేదు. రోడ్డు తెరుచుకున్నాక బియ్యం పంపాము. కానీ బియ్యంతో తీరేది కాదని తెలుసు. జనవరి కోసం ఎదురుచూశాము.

రెండవ రోజు పిల్లలను ఆటపాక తీసుకువెళ్లాము. కైకలూరుకు బాగా దగ్గర. అటవీశాఖ వారి పక్షుల కేంద్రం అక్కడ ఉంది. చిన్న రుసుము తీసుకుని పడవలో తిప్పుతారు. అక్టోబరు నుండి మార్చి వరకు చూడదగిన కాలం. గూడబాతులు వందల కొలది కనిపించాయి. కింది ముక్కుకు సంచి వేలాడే ఆ పెద్ద పక్షులు నీటి మీద బరువుగా దిగుతుంటే మా చిన్నవాడు నోరు తెరిచి చూశాడు. రంగురంగుల కొంగలు, నత్తగుల్లలు కొట్టుకు తినే కొంగలు, ఉత్తర దేశాల నుండి చలికి తట్టుకోలేక వచ్చే బాతులు కూడా ఉన్నాయి. చెట్లు చాలక, గూళ్లు పెట్టుకోవడానికి అటవీశాఖ వారు నీళ్లలో ఇనుప మంచెలు కట్టించారు. దేవుడు పెంచిన కొమ్మకూ మనిషి నాటిన ఇనుప కడ్డీకీ తేడా చూడకుండా ఆ పక్షులు వాటి మీదే పిల్లలను లేపుతున్నాయి. ఆకాశ పక్షులను చూడమని ప్రభువు చెప్పింది ఇందుకే కాబోలు అనుకున్నాము.

పడవ నడిపే కుర్రవాడు మంచి మాటకారి. “పక్షులకు మంచెలు కట్టారు సార్, మాకు గట్లు కొట్టారు” అన్నాడు నవ్వుతూనే. ఆ నవ్వులో ఉన్నది మాకు అర్థమయింది. సరస్సు బతకాలన్నది నిజం. దాని మీద ఆధారపడిన పేదవాడు బతకాలన్నదీ నిజం. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని ఆ ప్రాంతం వారు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. పర్యావరణం ఎరిగినవారు కూడదంటున్నారు. తీర్పు చెప్పడం మా పని కాదు. 2006లో మేము చెప్పిన తీర్పు చాలు.

ఆ రాత్రి అత్తగారు మట్టి దాకలో కొర్రమీను పులుసు పెట్టారు. చింతపండు తగ్గించి, మామిడికాయ ముక్కలు వేసి. కొంత మరునాటికి ఉంచారు. చేపల పులుసు తెల్లవారితేనే రుచి అని ఆమె నమ్మకం, ఆ విషయంలో మేమూ ఆమె శిష్యులమే. భోజనాల తరువాత కుటుంబ ప్రార్థన. మామగారు మమ్మల్నే వాక్యం చదవమన్నారు. నిర్గమకాండము 18వ అధ్యాయం చదివాము. మోషే మామ యిత్రో అల్లుణ్ణి చూడడానికి అరణ్యానికి వచ్చిన సంగతి అది. అంతటి దైవజనుడు, సముద్రాన్ని దాటించిన నాయకుడు, మామకు ఎదురేగి వంగి నమస్కరించాడు. ఆయన చెప్పిన ఆలోచన విని అలాగే చేశాడు. చదివాము గానీ వివరించడానికి గొంతు పెగల్లేదు. “ప్రార్థన చేసుకుందాం” అని ముగించాము. మామగారు ఒకసారి మా వైపు చూసి కళ్లు మూసుకున్నారు.

మూడవ రోజు తెల్లవారుజామున ఆయన మావులు తీయడానికి బయలుదేరుతుంటే, మేమూ వస్తామన్నాము. “చలి అల్లుడుగారూ, మీకెందుకు” అన్నారు. అయినా వెళ్లాము. వెనుకటి రోజుల్లో తాటి దోనెలు ఉండేవట. ఇప్పుడు ఫైబరు పడవ. ఆయన నిలబడి గెడ వేస్తుంటే మేము ముందు కూర్చున్నాము. మంచులో పది బారల అవతల ఏమీ కనబడదు. గుర్రపుడెక్క పొదలు పడవకు రాసుకుంటున్నాయి. కిక్కిస గడ్డిలో ఎక్కడో నీటికోళ్లు అరుస్తున్నాయి. డెబ్బై దాటిన మనిషి, ఊపిరి బరువుగా తీస్తూ, గెడ ఎక్కడ దించాలో చూడకుండానే దించుతున్నారు.

ఒకచోట పడవ ఆపి, “మన చెరువు ఇక్కడే ఉండేది” అన్నారు. చూస్తే నీళ్లే. గట్టు ఆనవాలుగా మట్టి దిబ్బ ఒకటి, దాని మీద నాలుగు కొంగలు.

మేము దాచుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. “మావయ్యగారూ, ఆ రోజు మేము మిమ్మల్ని అన్న మాటలకు క్షమించండి. ఆకలితో వచ్చిన మీకు అన్నం పెట్టకుండా ప్రసంగం పెట్టాము. తమ్ముడి చదువు ఆగిపోవడంలో మా పాపం కూడా ఉంది” అన్నాము. ప్రసంగ వేదిక మీద ఎన్నిసార్లు క్షమాపణను గురించి చెప్పామో లెక్కలేదు. ఆ మూడు మాటలు అనడానికి మాత్రం చేతులు వణికాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గెడకు అంటిన బురద చేత్తో తుడిచారు. తరువాత అన్నారు: “మీరు చెప్పింది తప్పు కాదు అల్లుడుగారూ. ఆ చెరువు తవ్వకుండా ఉండాల్సింది. నీళ్లు పోయే దారికి మేమందరం అడ్డం పడ్డాం, నాకూ తెలుసు. చెప్పిన రోజు తప్పు. ఆ రోజు నాకు కావలసింది అది కాదు.” కాసేపాగి, “నేను మాత్రం? అమ్మాయి చేతి అన్నం వదిలేసి వచ్చాను. అది ఎన్నాళ్లు ఏడ్చిందో వాళ్లమ్మ చెప్పింది. నేనూ అడగాలి క్షమాపణ” అన్నారు.

ఆపైన ఇద్దరమూ ఏమీ అనలేదు. “ఆ మావు పట్టుకోండి, జారిపోతుంది” అన్నారు. పట్టుకున్నాము. అందులో నాలుగు జెల్లలు, ఒక మట్టగిడస ఉన్నాయి. పెద్ద పాటు కాదు. ఒడ్డుకు వచ్చేసరికి మా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. మా శ్రీమతి మా ఇద్దరి మొగాలూ చూసి ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లి నాన్నగారికి నిన్నటి పులుసుతో అన్నం వడ్డించింది. ఆయన తినేదాకా పక్కనే కూర్చుంది.

బావమరిదితో విడిగా మాట్లాడాము. అతడు ఇప్పుడు సొంత ఆటోలో చేపలు కైకలూరు చేరవేస్తున్నాడు. “అయిపోయింది బావగారూ, వదిలెయ్యండి” అన్నాడు. అతని కూతురు ఇంటరు చదువుతోంది. ఆ అమ్మాయి డిగ్రీ ఫీజు మేము కడతామని మా శ్రీమతీ మేమూ నిర్ణయించుకున్నాము. ఇది దానం కాదు, బాకీ. పాస్టరు జీతంలో కష్టమే, అయినా ప్రభువు సమకూర్చును.

ప్రియులారా, సత్యం చెప్పడం దేవుని సేవకునికి తగును. కానీ ప్రేమ లేకుండా చెప్పిన సత్యం ఎదుటివాణ్ణి నిలబెట్టదు, పడగొడుతుంది. సమయమెరిగి పలికిన మాట ఎంత విలువైనదో సామెతల గ్రంథకర్త చెప్పాడు. సమయం తప్పిన మాట ఎంత ఖరీదైనదో మేము పద్దెనిమిదేళ్లు కట్టి నేర్చుకున్నాము. కపెర్నహూములో ప్రభువు సమాజమందిరంలో బోధించి, అక్కడి నుండి నేరుగా పేతురు అత్త జ్వరంతో పడుకుని ఉన్న ఇంటికి వెళ్లాడు. మందిరంలో బోధ, ఇంట్లో స్వస్థత, రెండూ ఒక్క రోజు పనే ఆయనకు. మేము మందిరం దగ్గరే ఆగిపోయాము.

వీలున్నవారు చలికాలంలో పిల్లలను వెంటబెట్టుకుని ఆటపాక వెళ్లి రండి. గుడివాడ నుండి భీమవరం వెళ్లే రైలు కైకలూరులో ఆగుతుంది, బస్సులకూ కొదవ లేదు. దేవుని సృష్టి ఎంత అద్భుతమో, మన చేతుల్లో ఎంత నలిగిందో రెండూ చూడవచ్చు. దారిలో ఎక్కడైనా మీ అత్తవారి ఊరో, అన్నదమ్ముల ఊరో ఉంటే దిగండి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయకండి. ఒక రాత్రి ఉండండి.

తిరుగు ప్రయాణంలో మామగారు కైకలూరు బస్టాండు దాకా వచ్చారు. కిటికీలోంచి ఎండు చేపల పొట్లం అందించి, “ఈసారి వేసవిలో నేనే వస్తాను అల్లుడుగారూ, మొవ్వకు. భోజనానికి” అన్నారు.

సమాధానకర్తయగు దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.